దేహమునందలి నిప్పు, దేహమునకు కావలి

1662వ సంవత్సరమున లండను నగరమునందు జాన్ గ్రాంట్ అను వర్తకుడు ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. అతడు వైద్యుడు కాడు, పండితుడును కాడు. గుడ్డలు, గుండీలు మొదలగు సరకులు అమ్ముకొను దుకాణదారుడు. ఆ కాలమున లండనులో ప్రతివారమును ఎందరు మరణించినదియు, ఏ వ్యాధిచే మరణించినదియు పట్టికలుగా అచ్చువేసి అమ్ముచుండెడివారు. ప్లేగు హెచ్చినదా, తగ్గినదా అని చూచుకొని జనులు ఆ కాగితములను పారవేయుచుండిరి. గ్రాంటు వాటిని పారవేయలేదు. దశాబ్దముల పట్టికలను ప్రోగుచేసి, తన దుకాణపు చిట్టా చూచుకొన్నట్లు ఓపికతో చూచెను. చూడగా చూడగా అతనికి ఒక చిక్కు కనబడెను. వైద్యులవద్దకు వచ్చు రోగులలో పురుషుడొకనికి ఇద్దరు చొప్పున స్త్రీలుందురు. అయినను మరణించువారిలో పురుషులే ఎక్కువ. మాటిమాటికి జబ్బుపడువారు నిలుచుటయు, జబ్బెరుగనివారు పోవుటయు ఎట్లు సంభవించును? పురుషులు తమ దురభ్యాసములచే ప్రాణము తెచ్చుకొనుచున్నారేమో యని గ్రాంటు ఊహించి, అంతటితో విడిచెను.

ఈ చిక్కును విప్పుటకు రెండు సంగతులు తెలియవలసియుండెను. దేహము తన శక్తిని ఎచ్చటనుండి తెచ్చుకొనుచున్నది? రోగమునుండి తనను ఎట్లు కాచుకొనుచున్నది? మొదటిదానిని నిప్పనియు, రెండవదానిని కావలియనియు మేము ఈ ప్రసంగమున పిలుచుచున్నాము. ఈ రెండు శాస్త్రములును వేర్వేరు ఇండ్లలో పెరిగి, మిక్కిలి ఆలస్యముగా చుట్టరికము కలుపుకొన్నవి. వాటి చరిత్రను చెప్పునపుడు జయములను వరుసగా చెప్పుట వాడుక. మాకు మాత్రము పొరపాట్లే ఎక్కువగా చెప్పదగినవని తోచినది. ఏలననగా, ఒకరి దేహమును కుంచముగా పట్టుకొని మరియొకరి దేహమును కొలుచుటవలననే అవి చాలవరకు జరిగినవి. వాటికి వెల చెల్లించినవారు పసిపిల్లలు, స్త్రీలు, వృద్ధులు.

దేహమున నిప్పున్నదనుట మనకు క్రొత్త మాట కాదు. ఆకలి చెడినచో అగ్నిమాంద్యమందుము. జఠరాగ్ని యను మాట అక్షరము రానివారి నోటను వినబడును. రోగిని పరీక్షించునపుడు గమనింపవలసిన పది విషయములలో వయస్సొకటియని చరకసంహిత చెప్పుచున్నది. కాని ఆ నిప్పును త్రాసులో వేసి తూచినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లావోయిజర్. 1782-83 చలికాలమున ఆయనయు, గణితవేత్త లాప్లాసును కలిసి ఒక గినీ పందిని మంచుతో చుట్టిన పాత్రలో నుంచి, దాని ఒంటివేడికి ఎంత మంచు కరగినదో తూచిరి. అది విడిచిన బొగ్గుపులుసు వాయువును కొలిచి, అంత వాయువు పుట్టుటకు బొగ్గును కాల్చినచో ఎంత మంచు కరగునో దానితో పోల్చిరి. రెండు లెక్కలును ఇంచుమించుగా సరిపోయెను. ఊపిరి యనగా పొగయు వెలుగును లేక నెమ్మదిగా మండు మంటయే యని తేలెను. కొన్ని యేండ్లకు ఆయన తన సహాయకుడైన సెగ్విన్ ముఖమునకు తొడుగు తగిలించి, విశ్రాంతిలో ఎంత ప్రాణవాయువు పీల్చునో, పనిచేయునపుడెంత పీల్చునో కొలిచెను. ఆ పని ముగియకముందే విప్లవము వచ్చి, 1794 మే 8వ తేదీన లావోయిజర్ శిరస్సు కత్తిబండ క్రింద పడెను.

ఇచ్చట చిన్న సంగతియొకటి కలదు. కొలతకు కూర్చున్న సెగ్విన్ యిరువది దాటిన ఆరోగ్యవంతుడైన యువకుడు. తరువాత చాలకాలము కొలతకు కూర్చున్నవారు చాలవరకు అట్టివారే. స్త్రీలను, పసివారిని సరియైన సంఖ్యలో కొలిచి లెక్కగట్టిన గ్రంథము 1919లో గాని రాలేదు. అమెరికాలో హారిస్, బెనెడిక్ట్ అను నిరువురు 136 మంది పురుషులను, 103 మంది స్త్రీలను, 94 మంది పురిటిశిశువులను కొలిచి, కదలక మెదలక పరగడుపున పడుకొన్న మనుష్యునికి ఎంత శక్తి ఖర్చగునో సూత్రములు కట్టిరి. పురుషునికొక సూత్రము, స్త్రీకొక సూత్రము. రెంటిలోను వయస్సు పెరిగినకొలది ఖర్చు తగ్గుచుండును. లోకమునందలి ఆస్పత్రులు అనేక దశాబ్దములు రోగి ఆహారమును ఈ సూత్రములతోనే నిర్ణయించినవి.

అయితే ఈ లెక్కకును నూరేండ్ల తరువాత దిద్దుబాటు రాక తప్పలేదు. బరువు హెచ్చిన హైడ్రోజను, ప్రాణవాయువులతో చేసిన నీటిని త్రాగించి, అవి దేహమును విడచు వేగమునుబట్టి శక్తి ఖర్చును గుణించు పద్ధతి యొకటి కలదు. మనిషిని గదిలో బంధింపనక్కరలేదు. తన పని తాను చేసికొనుచుండగనే లెక్క తేలును. 29 దేశములలో ఎనిమిది దినముల శిశువు మొదలు 95 ఏండ్ల వృద్ధులవరకు 6,400 మందికి పైగా జనుల కొలతలను ప్రోగుచేసి 2021లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దేహ పరిమాణమును లెక్కలోనికి తీసికొన్నచో ఏడాది బిడ్డ పెద్దవారికంటె ఒకటిన్నర రెట్లు శక్తిని ఖర్చుచేయును. అది ఇరువది ఏండ్లవరకు క్రమముగా తగ్గి, ఇరువదినుండి అరువదివరకు నిలకడగా నుండి, ఆ పిమ్మట ఏటేట 0.7 శాతము చొప్పున తగ్గును. నలువదులలో ఒళ్లు వచ్చుటకు వయస్సు సాకుగా చెప్పుకొనువారికి ఈ లెక్క చేదుగా నుండును. మా ప్రసార కేంద్రములోనే అట్టివారు కొందరు కలరు. ఇక స్త్రీపురుష భేదమో? కండలు, ఎముకలు, లోపలి అంగముల బరువెంతయో, కొవ్వెంతయో విడదీసి చూచినచో ఆ భేదము దాదాపు మాయమయ్యెను. కావున మొత్తము ఖర్చులో భేదము స్త్రీత్వముది కాదు, దేహము కట్టుబడిది. భేదమున్నది మరియొకచోట: దూరము పరుగెత్తించి చూచినపుడు, అదే శ్రమకు పురుషునికంటె స్త్రీ కొవ్వును ఎక్కువగాను, చక్కెరను తక్కువగాను కాల్చును. పొయ్యిలో మంట ఒకటే, కట్టెలు వేరు.

పొయ్యి యెచ్చట నున్నది? ఈ ప్రశ్నవద్ద కథ మన దేశపు వ్యక్తివద్దకు వచ్చుచున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కె అను ఆచార్యునివద్ద పనిచేసిరి. రక్తమునందును, కండలయందును గల భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. ఇప్పటికిని ప్రయోగశాలలలో అది వారి పేరనే చెలామణియగుచున్నది. ఆ కొలతతోనే 1927లో కండలలో ఫాస్ఫోక్రియాటిన్ అను శక్తినిధిని, 1929లో ఎ.టి.పి. అను పదార్థమును బయటపెట్టిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా దానిని కనుగొనెను. అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పేరును మన పాఠశాలల బాలబాలికలు కంఠస్థము చేయుదురు. దాని వెనుక ఒక భీమవరము వాడున్నాడను సంగతి వారిలో ఎందరికి చెప్పబడుచున్నదో మేమెరుగము.

ఎ.టి.పి. ని చిల్లర డబ్బుతో పోల్చవచ్చును. అన్నము, నూనె, పప్పు అనునవి పెద్దనోట్లు. వాటితో కణము నేరుగా ఏమియు కొనలేదు. మైటోకాండ్రియా యను సూక్ష్మాంగములు ఆ నోట్లను మార్చి చిల్లర చేసి యిచ్చును. కండ ముడుచుటకు, నరము పలుకుటకు, క్రొత్త కణము పుట్టుటకు ఈ చిల్లరయే చెల్లును. ఏ క్షణమున చూచినను దేహమునందున్న ఎ.టి.పి. పావుకిలోకు మించదు, కాని ఖర్చగుచు మరల తయారగుచు దినము గడచుసరికి మొత్తము మన బరువునకు దగ్గరగా వచ్చును. ఆ మైటోకాండ్రియాలు బిడ్డకు తల్లినుండియే వచ్చుననియు, తండ్రినుండి రావనియు 1980లో రుజువయ్యెను. కొడుకైనను కూతురైనను పొయ్యి మాత్రము పుట్టింటినుండి తల్లి తెచ్చినదే.

ఇప్పుడు కావలి సంగతి. 1933లో బాల్డ్రిడ్జ్, జెరార్డ్ అనువారు కుక్క రక్తమునుండి తెల్లకణములను తీసి, వాటికి సూక్ష్మజీవులను మేతగా వేసి, అవి పీల్చు ప్రాణవాయువును కొలిచిరి. మ్రింగుచున్నంతసేపు తెల్లకణములు ఒక్కసారిగా ఎక్కువ ప్రాణవాయువు పీల్చినవి. పనిచేయువానికి ఊపిరి ఎక్కువగును గదా, మ్రింగుట శ్రమయగుటచే అట్లు జరిగినదని తలచిరి. ఆ తలపు తప్పు. 1959లో స్బారా, కార్నోవ్‌స్కీ అనువారు కణముల శ్వాసను అడ్డగించు సైనైడు విషమును పోసి చూడగా, తెల్లకణములు మ్రింగుట మానలేదు, అదనపు ప్రాణవాయువును పీల్చుటయు మానలేదు. మ్రింగుటకు శక్తి చక్కెరను పులియబెట్టుటవలననే వచ్చుచున్నది. మరి ఆ ప్రాణవాయువెందులకు? మ్రింగిన శత్రువును చంపుటకు విషము వండుకొనుటకు. కావలివాడు పొయ్యిలోని నిప్పును తీసి దివిటీగా విసరుచున్నాడు. నిప్పునకును కావలికిని గల చుట్టరికము మొదట కనబడినది ఇచ్చటనే.

ఆ చుట్టరికము తెగినచో ఏమగునో కొందరు బాలురు చూపిరి. 1950-60 మధ్య అమెరికాలోని మిన్నెసోటాలో వైద్యులు ఒక వింత వ్యాధిని వర్ణించిరి. చిన్నపిల్లలకు చర్మమున, ఊపిరితిత్తులలో, కాలేయమున మాటిమాటికి చీము పట్టును; ఏ మందునకును లొంగదు; చాలమంది బాల్యము దాటరు. వారి రక్తమున తెల్లకణములకు కొరతలేదు. అవి శత్రువును మ్రింగును గూడ. మ్రింగి చంపలేవు. 1967 నాటికి కారణము తెలిసినది: వారి కణములకు ఆ అదనపు ఊపిరి లేదు. రోగులలో అత్యధికులు మగపిల్లలే. 1952లో బ్రూటన్ అను సైనిక వైద్యుడు, నాలుగేండ్లలో 19 మారులు తీవ్రముగా జబ్బుపడిన ఎనిమిదేండ్ల బాలుని రక్తమున రక్షక పదార్థములు బొత్తిగా లేవని కనుగొనెను. ఆ వ్యాధియు మగపిల్లలనే పట్టును.

కారణము ఎక్స్ అను క్రోమోసోము. కావలికి సంబంధించిన లక్షణములు అనేకములు దానిపై నున్నవి. ఆడపిల్లకు అవి రెండు, మగపిల్లవానికి ఒక్కటే. ఒక్కదానిలో దోషమున్నచో అతనికి మారు లేదు. స్త్రీ దేహములోని ప్రతి కణమునందును రెంటిలో ఒకటి నిద్రపోవునని 1961లో మేరీ లయన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞురాలు ప్రతిపాదించెను. ఏది నిద్రించునో కణమునకొక తీరు. కాబట్టి స్త్రీ దేహమున రెండు విధముల కావలివారు కలిసి పహరా కాయుదురు. నిద్రించునది గూడ గాఢముగా నిద్రింపదు. వైరసులను పసిగట్టు టి.ఎల్.ఆర్.7 అను లక్షణము కొన్ని కణములలో రెండు ప్రతులనుండియు పనిచేయుచున్నదని 2018లో చూపిరి. అందుచే స్త్రీకి మెలకువ హెచ్చు. అతి మెలకువ గల కావలివాడు దొంగను తప్పక పట్టును, అప్పుడప్పుడు ఇంటివారిమీదను కర్ర యెత్తును. దేహము తన్ను తానే శత్రువుగా నెంచి దండించు లూపస్ అను వ్యాధి పదిమందికి వచ్చినచో వారిలో తొమ్మండుగురు స్త్రీలు. కీళ్లవాతములలో ఒక విధమగు రూమటాయిడ్ వాతమును స్త్రీలనే ఎక్కువగా బాధించును. గ్రాంటు చూచిన చిక్కులో ఒక ముడి ఇచ్చట విడినది: ఎక్కువ జబ్బును, ఎక్కువ ఆయువును ఒకే మూలమునుండి రావచ్చును.

సుబ్బారావుగారిని మరల తలచుకొనవలసిన చోటు ఇదియే. వారి సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధిచే మరణించిరి. ఆ దుఃఖము వారిని జీవితాంతము వెంటాడినదందురు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారి, స్ప్రూను కుదుర్చు ఫోలిక్ ఆమ్లమును వారి బృందము 1945 నాటికి తయారుచేసెను. దానిని పోలినదై, దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్‌ను గూడ వారి బృందమే చేసినది. 1948లో బోస్టను వైద్యుడు ఫార్బర్ దానితో రక్తకేన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికముగానైనను ఊరట కలిగించెను. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కులో కీర్తిశేషులైరి. అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్ వారమునకొకమారు చిన్న మోతాదులో నేడు లక్షలాది వాతరోగులకు, అందులోను స్త్రీలకు, కీళ్లు వంకరపోకుండ కాపాడుచున్నది. అది కావలివాని కోపము నెట్లు చల్లార్చుచున్నదను ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పు సమాధానములలో ముఖ్యమైనది: కణముల వెలుపల అడినోసిన్‌ను హెచ్చించుటచే. ఎ.టి.పి. లోని మొదటి అక్షరము ఆ అడినోసినే. ఇరువది యేండ్ల ఎడమున ఒకే మనిషి చేసిన రెండు పనులు ఇట్లు కణమునందు కలిసికొన్న సంగతి వారికి తెలియదు.

ఈ భేదములను ఎరుగకపోయిన యెడల ఏమగును? ఉదాహరణ కొరకు దూరము పోనక్కరలేదు. తట్టు వ్యాధిని చూచిన చాలును. తట్టు టీకాను తొమ్మిదవ నెలకు ముందు వేసినచో, తల్లినుండి బిడ్డకు వచ్చిన రక్షణయే టీకాను అణచివేయును. పేద దేశములలో అంతకు ముందే తట్టు వచ్చి పిల్లలు పోవుచుండిరి. మోతాదును పదింతలకు పైగా హెచ్చించినచో నాలుగు, ఆరు నెలలకే వేయవచ్చునని తోచెను. రక్తపరీక్షలు బాగుగనే యుండుటచే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో దానిని సిఫారసు చేసెను. అంతలో సెనెగల్, గినీ-బిస్సావ్, హైతీ దేశములనుండి విచారకరమైన వార్త వచ్చెను. హెచ్చు మోతాదు పొందిన ఆడపిల్లలు, తొమ్మిదవ నెలలో మామూలు మోతాదు పొందిన ఆడపిల్లలకంటె ఎక్కువగా మరణించుచుండిరి. తట్టుచే కాదు, ఇతర వ్యాధులచే. మగపిల్లలలో ఆ తేడా లేదు. ఆడపిల్లలను, మగపిల్లలను కలిపి చూచినంతకాలము తేడా స్పష్టపడదు. విడదీసి లెక్కించినవారికే కనబడెను. 1992లో ఆ సిఫారసును ఉపసంహరించుకొనిరి. దీనికి కారణమేమన్న విషయమున శాస్త్రజ్ఞులింకను వాదులాడుకొనుచునే యున్నారు. మామూలు మోతాదు టీకాకు ఈ దోషము లేదనియు, అది కోట్లాది పిల్లలను కాపాడినదనియు తల్లిదండ్రులు గమనింపగోరుదుము.

మందుల విషయమున జరిగినది మరింత విచిత్రము. గర్భస్థశిశువునకు హాని కలుగునను భయముచే అమెరికా ఔషధశాఖ 1977లో, బిడ్డలను కనగల వయస్సులోనున్న స్త్రీలను మందుల తొలి పరీక్షలనుండి తప్పించెను. ఉద్దేశము మంచిదే. ఫలితము మాత్రము, పురుషులపై పరీక్షించిన మోతాదులను స్త్రీలు మ్రింగుట. ఆ నియమము 1993లో తొలగెను. 2008లో వెలువడిన యొక పరిశీలనలో, ఇన్‌ఫ్లుయెంజా టీకాను సగము మోతాదుగా పొందిన స్త్రీల రక్తమున, పూర్తి మోతాదు పొందిన పురుషులతో ఇంచుమించు సమానమైన రక్షణ కనబడెను. 2020లో కోవిడ్ జ్వరము వచ్చినపుడు, ప్రాణాపాయ స్థితిలోనున్న 987 మంది రోగులను పరీక్షింపగా, 101 మంది రక్తమున తమ దేహపు తొలి రక్షకమగు ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనీయని పదార్థములు కనబడినవి. ఆ 101 మందిలో 95 మంది పురుషులు. సగము మంది 65 ఏండ్లు దాటినవారు. స్త్రీల కావలియే దారితప్పునని చెప్పివచ్చిన మేము ఈ అంకెను చూచి కొంత తడబడితిమి. పురుషులలోను, వార్ధక్యమున, కావలి మరియొక తీరున దారితప్పుచున్నది.

ప్రసారమున సమయము చాలక థైమస్ గ్రంథి కథను రెండు మాటలలో ముగించితిమి. మా ఉద్దేశమున ఈ చరిత్రలోనెల్ల అది ముఖ్యము. ఇచ్చట కొంత విపులముగా చేర్చుచున్నాము.

రొమ్ముటెముక వెనుక, గుండెకు పైగా రెండు రెక్కల మెత్తని గ్రంథి యొకటి కలదు. పసిబిడ్డలో అది దేహమునకు తగని పెద్దదిగా నుండి, యౌవనము వచ్చినది మొదలు కరగుచు, వార్ధక్యమునాటికి కొవ్వు ముద్దగా మిగులును. పూర్వము ఐరోపాలో శరీరశాస్త్రజ్ఞులు కోసి చూచిన శిశువుల శవములు చాలవరకు ఆస్పత్రులలో, అనాథశరణాలయములలో దీర్ఘకాలము జబ్బుపడియు, ఆకలిచేతను మరణించిన బీదపిల్లలవి. జబ్బును ఆకలియు ఈ గ్రంథిని కొలది దినములలోనే కృశింపజేయునని వారెరుగరు. కావున వారి దృష్టిలో చిన్న థైమస్సే సహజమైన థైమస్. ఇక నవ్వుచు ఆడుచున్న ఆరోగ్యవంతమైన శిశువు తెల్లవారుసరికి ఉయ్యాలలో చనిపోయి యున్నచో, శవపరీక్షలో థైమస్ పెద్దదిగా కనబడును. నిజమునకు అదే దాని సహజ పరిమాణము. ఈ గ్రంథియే గొంతు నొక్కినదని వైద్యులు నిశ్చయించిరి. 1889లో వియన్నాకు చెందిన పాల్టౌఫ్ దీనికి ఒక వ్యాధిస్థితి యని పేరుపెట్టెను. క్లోరోఫారము ఇచ్చునపుడు రోగి చనిపోయినను ఆ పేరే చెప్పుట వాడుకయ్యెను. వైద్యునికి అంతకంటె అనుకూలమైన వ్యాధి మరియొకటి లేదు.

పేరు పెట్టిన పిదప చికిత్స రాక మానదు. 1907లో అమెరికాలో ఒక వైద్యుడు శిశువు రొమ్ముపై ఎక్స్‌రే కిరణములు ప్రసరింపజేసి థైమస్‌ను చిన్నది చేసెను. గ్రంథి చిన్నదయ్యెను, బిడ్డ బాగుగనే యున్నాడు. కాబట్టి చికిత్స ఫలించినది. తరువాతి దశాబ్దములలో వేలాది శిశువులకు ఇట్లు చేసిరి. కొన్ని ఆస్పత్రులలో ఏ లక్షణమును లేని పురిటిబిడ్డలకు గూడ ముందుజాగ్రత్తకని చేసిరి. స్వీడనులో హమ్మర్ అను శరీరశాస్త్రజ్ఞుడు ప్రమాదములలో హఠాత్తుగా మరణించిన ఆరోగ్యవంతుల థైమస్‌లను వయస్సువారీగా తూచి, పెద్ద గ్రంథియే ఆరోగ్యలక్షణమని చూపెను. బ్రిటనులో ఈ విషయమును పరిశీలించుటకు ఏర్పడిన సంఘము, అట్టి వ్యాధి కలదనుటకు ఆధారము లేదని 1931లో తేల్చెను. అయినను అమెరికాలో కిరణచికిత్స మరి ఇరువదియేండ్లు సాగెను.

1950లో డఫీ, ఫిట్జెరాల్డ్ అను వైద్యులు థైరాయిడ్ గ్రంథికి కేన్సరు సోకిన 28 మంది పిల్లల పూర్వచరిత్రలను తిరుగవేసిరి. వారిలో సుమారు మూడవవంతు మంది శైశవమున థైమస్‌కు కిరణములు పొందినవారు. మెడ థైమస్‌కు మీదనే యున్నది. అటుపిమ్మట న్యూయార్కు రాష్ట్రపు రాచెస్టరు నగరమున హెంపెల్‌మన్ అను వైద్యుడు, కిరణములు పొందిన రెండున్నర వేలకు పైబడిన శిశువులను వారి తోబుట్టువులతో పోల్చుచు వెంబడించెను. థైరాయిడ్ కేన్సరు కిరణములు పొందినవారిలో ఎన్నో రెట్లు. పెరిగి పెద్దయైన స్త్రీలలో రొమ్ము కేన్సరును ఎక్కువ. ఆయన తరువాత ఇతరులు ఆ పరిశీలనను కొనసాగించి, ఆ శిశువులు నడివయస్సు దాటినను ప్రమాదము తొలగలేదని 2010లో ప్రకటించిరి. ఆ బిడ్డలకు మొదట ఏ జబ్బును లేదు. బీదపిల్లల శవములతో చేసిన కుంచమున ఆరోగ్యవంతమైన పిల్లలను కొలిచిరి; అంతియే.

ఆ గ్రంథి పనియేమో అప్పటికి ఎవరికిని తెలియకుండుట ఈ కథలో ఘోరమైన భాగము. పెరిగిన జంతువులలో దానిని కోసివేసి చూచిరి, ఏమియు కాలేదు, కాబట్టి అది వ్యర్థమని తలచిరి. 1961లో లండనులో జాక్ మిల్లర్ అను యువ శాస్త్రజ్ఞుడు ఎలుకల రక్తకేన్సరును గూర్చి పరిశోధించుచు, తన ప్రయోగమునకు కావలసి, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలలో థైమస్‌ను తీసివేసెను. అవి కొన్ని వారములు బాగుగనే పెరిగి, పిమ్మట కృశించి, సూక్ష్మజీవులకు లోబడి చనిపోయెను. పరజాతి ఎలుక చర్మమును అతికించినను వాటి దేహము కాదనలేదు. తనది పరులది యను వివేకమే వాటికి కలుగలేదు. కావలివారికి శిక్షణ నిచ్చు పాఠశాల థైమస్సే యని ఇట్లు తెలిసెను. వయస్సు మార్చి చూచుటచేతనే తెలిసెను.

స్త్రీపురుష భేదమునకును ఈ గ్రంథికిని గల సంబంధము అంతకు చాల ముందే కనబడి మరుగుపడెను. 1898లో కాల్జొలారి అను ఇటలీ శాస్త్రజ్ఞుడు, వృషణములు తీసివేసిన కుందేళ్లలో థైమస్ కరగక పెద్దదిగనే యుండునని వ్రాసెను. యౌవనమును తెచ్చు రసములే ఈ గ్రంథిని కరగించుచున్నవి. కొరియా రాజాంతఃపురమున పనిచేసిన 81 మంది నపుంసకుల జీవితకాలమును వంశావళులనుబట్టి 2012లో లెక్కింపగా, సగటున 70 ఏండ్లు తేలెను. అదే హోదాగల ఇతర పురుషులకంటె అది 14 మొదలు 19 ఏండ్లవరకు ఎక్కువ. వారిలో ముగ్గురు నూరేండ్లు దాటిరి. ఇది థైమస్ ప్రభావమే యని మేము చెప్పజాలము. అంతఃపురమున తిండి, నీడ, వైద్యము కలవు గదా. అయినను గ్రాంటు చూచిన చిక్కులో పురుష రసములకు కొంత పాలున్నదని ఊహించుటకు ఇది ఆధారమే.

పాఠశాల మూతపడిన పిదప వృద్ధుల గతి యేమి? పాత జ్ఞాపకములే వారికి కావలి. డెన్మార్కుకు చెందిన ఫారో ద్వీపములలో 1846లో తట్టు వ్యాపించి, 7,800 మంది జనములో 6,000 మందిని పట్టెను. దానిని పరిశీలించిన పానుమ్ అను యువ వైద్యుడు ఒక సంగతి కనిపెట్టెను: 1781లో తట్టు వచ్చి కోలుకొన్న వృద్ధులలో ఒక్కరికిని అది మరల రాలేదు. అరువదియైదేండ్ల క్రిందటి జ్ఞాపకము చెక్కుచెదరలేదు. కాని క్రొత్త శత్రువు వచ్చినపుడు వృద్ధుల కణములు వెంటనే నిప్పు రాజవేసి సంఖ్య పెంచుకొనజాలవు. అందుచే 65 దాటినవారికి నాలుగింతల మోతాదుగల ఇన్‌ఫ్లుయెంజా టీకాను 2009లో అమెరికా అనుమతించెను. 2014లో మరియొక మార్గమును ప్రయత్నించిరి. కణమునందు ఆహారము సమృద్ధిగా నున్నదా లేదా యని చూచి పనులను నడిపించు అధికారివంటి పదార్థమొకటి కలదు. దానిని స్వల్పముగా అణచు మందును ఆరు వారములు వృద్ధుల కిచ్చి, పిదప టీకా వేసినచో టీకా ఫలితము సుమారు 20 శాతము హెచ్చెను. నిప్పును సవరించి కావలిని లేపుట సాధ్యమని అందరును సంతోషించిరి. ఆ త్రోవనే నడచిన మరియొక మందు 2019లో పెద్ద పరీక్షలో నిలువలేదు.

థైమస్ విషయమున ఇంకొక సంగతి మిగిలియున్నది. పసితనమున అది లేనిచో ప్రాణహాని యని మిల్లర్ చూపెను గాని, పెద్దవారిలో మాత్రము కొవ్వు ముద్దయే గనుక అక్కరలేనిదని వైద్యలోకము నమ్ముచు వచ్చెను. గుండెకు శస్త్రచికిత్స చేయునపుడు దారికడ్డముగా నున్నదని దానిని కోసి తీయుట మామూలు. బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి వైద్యులు తమ పాత దస్త్రములను పరిశీలించి 2023లో ఫలితములను ప్రకటించిరి. థైమస్ తొలగింపబడిన పెద్దవారిలో ఐదేండ్లలోపల 8.1 శాతము మంది మరణించిరి. అట్టి గుండె శస్త్రచికిత్సయే జరిగి, థైమస్ నిలిచియున్నవారిలో 2.8 శాతము. కేన్సరు సోకినవారు మొదటివారిలో 7.4 శాతము, రెండవవారిలో 3.7 శాతము. దస్త్రములను పోల్చి చెప్పినది గనుక దీనిని తుదిమాటగా తీసికొనరాదు. కాని వారిలో కొందరి రక్తమును పరీక్షింపగా, థైమస్ లేనివారిలో క్రొత్తగా పుట్టిన రక్షక కణములు తక్కువగా నుండెను. కొవ్వు ముద్ద యనుకొన్నది ఆ వయస్సునందును నెమ్మదిగా పాఠము చెప్పుచునే యున్నది.